తీర్పు అయ్యాక జ్యూరర్లు టీవీలో మాట్లాడితే ఏమవుతుంది?

ప్రశ్న అడిగినాయన సంగతి క్లుప్తంగా ఇదీ. టెక్సస్‌లో ఉంటారు, పోయినేడే సిటిజన్ అయ్యారు, మొన్న మొదటిసారి జ్యూరీ డ్యూటీ సమన్స్ వచ్చింది (కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందమే జ్యూరీ, అందులోవాళ్ళు జ్యూరర్లు). ఆయన సందేహం: "పెద్ద కేసు అవ్వగానే జ్యూరర్లు టీవీలో కూర్చుని లోపల ఎవరేమన్నారో చెప్పేస్తున్నారు. మన దగ్గర జడ్జి అలా మాట్లాడితే ఊరుకుంటారా? ఇది చట్టం ఒప్పుకుంటుందా? వాళ్ళ మాటల వల్ల తీర్పు తిరగబడుతుందా? నన్ను తీసుకుంటే తర్వాత నేను మాట్లాడొచ్చా?"

నేను గుంటూరులో ఎనిమిదేళ్ళు క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేసి వచ్చినవాణ్ణి. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల కోర్టుల్లో ట్రయల్స్ చేయడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి. తొందరలో ఉన్నవాళ్ళకి జవాబు: మాట్లాడొచ్చు. తీర్పు దాదాపు ఎప్పుడూ తిరగబడదు. కింద రాసిందంతా ఆ "దాదాపు" గురించే.

ముందు మీడియా జ్యూరర్ల వెంట ఎందుకు పడుతుందో చూడాలి. మన సెషన్స్ కోర్టులో తీర్పు అంటే కాగితాల కట్ట. ప్రాసిక్యూషన్ చెప్పేదేమిటి, పీడబ్ల్యూ 1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) ఏమన్నాడు, పంచనామా సాక్షి ఎక్కడ అడ్డం తిరిగాడు, ఎవర్ని ఎందుకు నమ్మలేదు, అన్నీ జడ్జి రాయాల్సిందే. నచ్చనివాడు సర్టిఫైడ్ కాపీ తీసుకుని హైకోర్టుకి వెళ్ళి, ఫలానా పేరాలో తప్పుంది అని వాదిస్తాడు. ఇక్కడ జ్యూరీ ఇచ్చేది ఒక ఫారం. గిల్టీ, లేదా నాట్ గిల్టీ. కింద ఫోర్‌పర్సన్ (జ్యూరీ పెద్ద) సంతకం. నెలన్నర సాక్ష్యం విన్న పన్నెండు మంది దగ్గర్నుంచి బయటికొచ్చేది ఆ ఒక్క ముక్క. ఎందుకు అన్నదానికి ఒక్క వాక్యం కూడా రాయరు. రాయమని అడిగే హక్కు జడ్జికి కూడా లేదు. కారణం తెలియాలంటే మిగిలిన దారి ఒకటే, జ్యూరర్ ఇంటి తలుపు కొట్టడం.

2011లో ఫ్లోరిడాలో కేసీ ఆంథొనీ కేసు గుర్తుండే ఉంటుంది. రెండేళ్ళ కూతుర్ని చంపిందని ఆరోపణ. ఊళ్ళో అందరికీ కేసు తెలిసిపోయిందని జ్యూరర్లని వేరే కౌంటీ నుంచి తెచ్చారు, ఆరు వారాల పైగా హోటల్లో ఉంచారు. వాళ్ళు 11 గంటల లోపే చర్చ ముగించి జూలై 5న హత్య ఆరోపణ మీద నాట్ గిల్టీ అన్నారు. జనం కోపం చూసి జడ్జి బెల్విన్ పెర్రీ జ్యూరర్ల పేర్లని అక్టోబరు దాకా బయటపెట్టనివ్వలేదు. అయినా ఒక జ్యూరర్ తనంతట తానే ఏబీసీ టీవీకి వచ్చి మాట్లాడింది. ఆమె నిర్దోషి అని మేం అనలేదు, రుజువు చాలలేదన్నాం అంది. జరిగిన నేరం ఏమిటో తేల్చలేనప్పుడు శిక్ష ఏమిటో ఎలా తేలుస్తాం అని కూడా అంది. ఆ పాప ఎలా చనిపోయిందో వైద్య పరీక్షలో కచ్చితంగా తేలలేదు మరి. సందేహాతీతంగా రుజువు కావడం అంటే ఏమిటో లా కాలేజీలో మాకు ఒక సెమిస్టరంతా చెప్పారు, ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. జ్యూరర్లు మీడియాతో మాట్లాడ్డం వల్ల జరిగే మేలు ఇలాంటిదే. కోపంగా ఉన్నవాళ్ళు శాంతించకపోవచ్చు, కనీసం ఎందుకన్నది వాళ్ళకి తెలుస్తుంది.

రెండేళ్ళకే అదే రాష్ట్రంలో ఇంకో రకం చూశాం. 17 ఏళ్ళ ట్రేవాన్ మార్టిన్‌ని కాల్చిన కేసులో జార్జ్ జిమ్మర్‌మాన్ 2013 జూలై 13న నాట్ గిల్టీగా బయటికొచ్చాడు. జ్యూరీలో ఆరుగురు, అందరూ ఆడవాళ్ళే. (ఆరుగురేంటి అని ఆశ్చర్యపోకండి. ఫ్లోరిడాలో మరణశిక్ష పడే కేసులకే పన్నెండు మంది.) రెండో రోజుకల్లా బీ37 నంబర్ జ్యూరర్ సీఎన్ఎన్‌లో ప్రత్యక్షం. మొహం చీకట్లో, గొంతు మాత్రం ఆమెదే. మొదటి ఓటింగులో ముగ్గురు నాట్ గిల్టీ, ఇద్దరు మాన్‌స్లాటర్ (హత్య కన్నా తక్కువ నేరం), ఒకరు సెకండ్ డిగ్రీ మర్డర్ (ముందస్తు పథకం లేని హత్య) అన్నారని చెప్పింది. జిమ్మర్‌మాన్‌ని జార్జ్ అని పేరు పెట్టి పిలుస్తూ, అతని మనసు మంచిదే అన్నట్టు మాట్లాడింది. అప్పటికే ఒక ఏజెంటుతో పుస్తకం మాట కూడా నడుస్తోందని తెలిసి ఆన్‌లైన్‌లో జనం దుమ్మెత్తిపోశారు, ఒక్క రోజులో ఆ ఒప్పందం రద్దయింది.

నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించింది ఆ తర్వాత జరిగింది. మిగతా జ్యూరర్లలో నలుగురు కలిసి, ఆవిడ చెప్పినవి ఆవిడ అభిప్రాయాలు, మావి కావు అని కోర్టు ద్వారా ప్రకటన ఇచ్చారు. ఇంకొన్ని రోజులకి బీ29 నంబర్ జ్యూరర్ ఏబీసీకి వచ్చి, నేను చివరిదాకా పోట్లాడాను, అతను హత్య చేసి తప్పించుకున్నాడు, కానీ చట్టం ఉన్నది ఉన్నట్టు చదివితే శిక్ష వేయడానికి ఆధారం కనబడలేదు అని బాధపడింది. గదీ ఒకటే, తీర్పూ ఒకటే. బయటికొచ్చిన కథలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి మనసులో జరిగింది వాళ్ళు చెప్పారు, అంతే.

ఇది నాకు సొంతంగా కూడా అనుభవమే. కొన్నేళ్ళ కిందట నిచ్చెన మీంచి పడి వెన్ను విరిగిన ఒకాయన తరఫున కేసు చేసి ఓడిపోయాను. టెక్సస్‌లో జ్యూరీని డిశ్చార్జ్ చేశాక (పని అయిపోయిందని పంపేశాక) వాళ్ళకి ఇష్టమైతే లాయర్లతో మాట్లాడొచ్చు. హాల్లో ఒకావిడ ఆగి, మీ డాక్టరు మాట నేను నమ్మలేదండీ, ప్రతిదానికీ కాగితం చూసుకున్నాడు అంది. సరే, డాక్టరు తేలిపోయాడు అనుకున్నాను. పార్కింగ్‌లో ఇంకో జ్యూరర్ కలిసి, డాక్టరు బ్రహ్మాండంగా చెప్పాడు, మమ్మల్ని వెనక్కి లాగింది ఆ ఫోటోలో నిచ్చెన కాళ్ళు అన్నాడు. ఆ ఫోటో పెట్టింది నేనే! మూడో ఆయనకి ఫోన్ చేసుంటే ఇంకేం చెప్పేవాడో. అప్పట్నుంచీ టీవీలో ఏ జ్యూరరైనా "మేము ఇలా ఆలోచించాం" అంటే, "నేను" అని సరిచేసుకుని వింటాను.

ఇంక మీ అసలు ప్రశ్న, ఈ మాటలతో తీర్పు తిరగబడుతుందా అన్నది.

జ్యూరర్ తన తీర్పుని తానే తప్పు పట్టడానికి వస్తే కోర్టు చెవులు మూసుకుంటుంది. ఈ పద్ధతి 1785లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ దగ్గర్నుంచి వస్తోంది. జ్యూరర్లు చర్చించి కాకుండా చీటీల్లాగా అదృష్టానికి వదిలేసి తేల్చుకున్నారని వాళ్ళే అఫిడవిట్లు ఇచ్చినా ఆయన తీసుకోలేదు. అమెరికాలో ఫెడరల్ ఎవిడెన్స్ రూల్స్‌లో 606(బి) ఇదే మాట చెబుతుంది: లోపల ఎవరేమన్నారు, ఏది ఎవరి మనసు మార్చింది, ఎందుకు అలా ఓటేశారు అన్నదాని మీద జ్యూరర్ సాక్ష్యం చెల్లదు. రాష్ట్రాల్లోనూ దాదాపు ఇలాంటి నిబంధనలే.

ఇది ఎంత దూరం పోతుందో చూడాలంటే 1987 నాటి టానర్ కేసు చదవాలి. ట్రయల్ అయ్యాక ఒక జ్యూరర్ డిఫెన్స్ లాయరుకి (నిందితుడి తరఫు లాయరుకి) ఫోన్ చేసింది, తర్వాత ఇంకో జ్యూరర్ ఇంకొంత చెప్పాడు. మధ్యాహ్నం భోజనాల్లో బీరు, కొందరు గంజాయి, కొకైన్ కూడా, సాయంత్రం సాక్ష్యం నడుస్తుంటే కునుకు. ఇదంతా నిజమే అనుకున్నా విచారణ అక్కర్లేదని అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. బయటివాళ్ళు వచ్చి చెడగొట్టింది కాదు, లోపలివాళ్ళే చేసుకున్నది అన్నారు. గుంటూరు బార్ రూంలో ఈ కేసు చెబితే మా సీనియరుగారు టీ గ్లాసు పక్కన పెట్టి, "అయితే ఆ పన్నెండు మంది కంటే మన గుమాస్తా నయం కదయ్యా" అన్నారు. నవ్వుకున్నాం గానీ దీనికి కారణం లేకపోలేదు. తలుపు ఒకసారి తెరిస్తే, ఓడినవాడు పన్నెండు మంది ఇళ్ళకీ మనుషుల్ని పంపుతాడు. బతిమాలతాడు, బెదిరిస్తాడు, ఒక్కరైనా "నేను మనస్ఫూర్తిగా వెయ్యలేదు" అనేదాకా వదలడు. అప్పుడిక ఏ తీర్పూ నిలవదు.

తెరుచుకునే తలుపులు కొన్ని ఉన్నాయి. బయటి సమాచారం లోపలికొచ్చిందా, అంటే ఎవరైనా గూగుల్ చేశారా, ఘటన జరిగిన చోటికి వెళ్ళి చూసొచ్చారా అన్నది అడగొచ్చు. బయటినుంచి ఎవరైనా ఒత్తిడి పెట్టారా, లంచం ఇచ్చారా అన్నదీ అడగొచ్చు. ఫారంలో ఒకటి రాయబోయి ఒకటి రాశారా అన్నది మూడోది.

నాలుగోది సుప్రీంకోర్టు 2017లో తెరిచింది. కొలరాడోలో పెన్యా రోడ్రిగెజ్ అనే ఆయన మీద లైంగిక దాడి కేసు. జ్యూరీని పంపేశాక డిఫెన్స్ లాయరు వాళ్ళని పలకరించడానికి లోపలికెళ్ళాడు. అందరూ వెళ్ళిపోతుంటే ఇద్దరు మాత్రం ఆగి చెప్పారు: మాలో ఒకాయన, మాజీ పోలీసు, అతను మెక్సికన్ కాబట్టే చేసుంటాడు, మెక్సికన్ మగాళ్ళు కావాలనుకున్నది లాక్కుంటారు అన్నాడు అని. కింది కోర్టులన్నీ పాత పద్ధతిలో చెవులు మూసుకున్నాయి. సుప్రీంకోర్టు 5-3తో, జాతిని బట్టే దోషి అని తేల్చాను అని ఒక జ్యూరర్ స్పష్టంగా అన్నప్పుడు మాత్రం ఆ మాట వినాల్సిందే అంది. మన రంగు, మన యాస ఉన్నవాళ్ళకి ఈ తీర్పు విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇది బయటికొచ్చింది టీవీ ఇంటర్వ్యూలో కాదు, ఖాళీ అవుతున్న గదిలో ఇద్దరు మనుషులకి ఇబ్బందిగా అనిపించి ఆగడం వల్ల.

కొన్ని చోట్ల ఆ లాయరు అలా లోపలికి వెళ్ళడమే కుదరదు. న్యూజెర్సీలో కోర్టు అనుమతి లేకుండా లాయరు జ్యూరర్‌ని ప్రశ్నలడగకూడదు, చాలా ఫెడరల్ కోర్టుల లోకల్ రూల్స్ కూడా అంతే. లాయరు అడగకూడదు, రిపోర్టరు అడగొచ్చు. విచిత్రం అనిపించినా, వాక్‌స్వాతంత్ర్యం అలాంటిది ఇక్కడ.

ఇన్నేళ్ళు చూశాక నాకు అర్థమైంది ఒకటుంది. జ్యూరర్ కేసు గురించి ఎంత మాట్లాడినా తీర్పుకి ఏమీ కాదు. తన గురించి తాను చెప్పుకున్నప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

గిలేన్ మాక్స్‌వెల్ కేసే చూడండి. జెఫ్రీ ఎప్‌స్టీన్ అనే సంపన్నుడికి మైనరు అమ్మాయిల్ని సమకూర్చిందని ఆమె మీద ఆరోపణ. 2021 డిసెంబరు 29న న్యూయార్కులో ఆరు ఆరోపణల్లో ఐదింటికి గిల్టీ. వారం తిరక్కముందే 50వ నంబర్ జ్యూరర్ విలేకరులతో మాట్లాడాడు. బాధితురాళ్ళ మాటలు ఎందుకు నమ్మాలో మిగతావాళ్ళకి అర్థమవ్వాలని, చిన్నప్పుడు నేనూ లైంగిక వేధింపులకి గురయ్యానని చర్చలో చెప్పాను అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఎంపికకి ముందు నింపిన ప్రశ్నావళిలో 48వ ప్రశ్న సరిగ్గా అదే: మీరు గానీ, మీ కుటుంబంలో, స్నేహితుల్లో ఎవరైనా గానీ లైంగిక వేధింపులకి గురయ్యారా? ఆయన లేదు అని టిక్కు పెట్టాడు. ఆ ఇంటర్వ్యూల సంగతి జనవరి 5న జడ్జికి ఉత్తరం రాసి చెప్పింది ప్రాసిక్యూటర్లే. గెలిచినవాళ్ళే, చేతులారా గెలిచిన కేసు మీద.

2022 మార్చి 8న జడ్జి ఆలిసన్ నేథన్ ఆయన్ని బోనులో కూర్చోబెట్టి స్వయంగా అడిగారు. నిజం చెప్పినందుకు కేసు పెట్టం అని ఇమ్యూనిటీ ఇస్తేనే ఆయన నోరు విప్పాడు. ప్రశ్నావళి గబగబా చదివేశాను, నన్ను ఎలాగూ తీసుకోరనుకున్నాను, కావాలని దాచలేదు అన్నాడు. గమనించండి, ఆ రోజంతా ప్రశ్నలు ప్రశ్నావళి గురించే. లోపల చర్చలో ఆ మాట ఎవరి మీద ఎంత పనిచేసింది అన్నది అడగలేదు, 606(బి) అడగనివ్వదు. పరీక్ష రెండు మెట్లది, 1984లో సుప్రీంకోర్టు పెట్టింది: జ్యూరర్ ముఖ్యమైన ప్రశ్నకి నిజాయితీగా జవాబు ఇవ్వలేదా? సరైన జవాబు ఇచ్చుంటే పక్షపాతం ఉందని తీసేయడానికి కారణం అయ్యేదా? రెండింటికీ కాదనే చెప్పి ఏప్రిల్ 1న జడ్జి కొత్త ట్రయల్ ఇవ్వలేదు. మాక్స్‌వెల్‌కి 20 ఏళ్ళు పడింది. 2024లో అప్పీల్ కోర్టు కూడా సమర్థించింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. తీర్పు నిలిచింది నిజమే. కానీ ఆ మూడు నెలలు సాక్ష్యం చెప్పిన ఆ ఆడవాళ్ళు ఎలా ఉండుంటారో ఆలోచించండి. మళ్ళీ మొదటినుంచీ బోనెక్కాల్సి వస్తుందేమోనని.

జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తిని చంపిన పోలీసు అధికారి డెరెక్ షావిన్ కేసులోనూ ఇదే వరస. 2021 ఏప్రిల్‌లో తీర్పు, జడ్జి పీటర్ కేహిల్ పేర్లని ఆరు నెలలు సీలు చేశారు. 52వ నంబర్ జ్యూరర్ తనే ముందుకొచ్చి ఇంటర్వ్యూలు ఇచ్చాడు. మొహం తెలిసేసరికి, అంతకుముందు ఏడాది వాషింగ్టన్‌లో జరిగిన ఒక సభలో ఆ చావుని నిరసించే నినాదం ఉన్న టీషర్టుతో ఆయన దిగిన ఫోటో బయటపడింది. డిఫెన్స్ వెంటనే కొత్త ట్రయల్ అడిగింది. జడ్జి శిక్ష వేయడానికి ముందే ఆ పిటిషన్ కొట్టేశారు. మాట్లాడకపోయుంటే ఆ ఫోటో ఎవరు వెతికేవారు?

వేరే దేశాల్లో ఇంత స్వేచ్ఛ లేదు. ఇంగ్లండులో 1979లో జెరెమీ థోర్ప్ అనే రాజకీయ నాయకుడి హత్య కుట్ర కేసులో జ్యూరర్ ఒకాయన పత్రికకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. కోర్టు ధిక్కారం కేసు వేస్తే నిలవలేదు, దాంతో 1981లో పార్లమెంటు చట్టమే మార్చింది. లోపలి చర్చ బయటపెడితే రెండేళ్ళ దాకా జైలు. కెనడాలోనూ అది నేరమే. టొరంటోలో ఉన్న మనవాళ్ళు ఈ జవాబు చదివి ధైర్యం తెచ్చుకోకండి.

మన దేశం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సవరణ. నానావతి (భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి) కేసుతోనే జ్యూరీలు పోయాయని చాలామంది రాస్తుంటారు. 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అనడం, సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపడం, 1961లో సుప్రీంకోర్టు శిక్షని ఖాయం చేయడం నిజమే. కానీ ఆ తర్వాత కూడా కొన్ని చోట్ల జ్యూరీలు నడిచాయి, పూర్తిగా పోయింది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో. నాకు ఆసక్తిగా అనిపించేది, తీర్పులో కారణాలు లేవు కాబట్టి సెషన్స్ జడ్జి జ్యూరీకి చేసిన ఉపదేశాన్ని పట్టుకుని హైకోర్టు అందులో తప్పులు చూడాల్సి రావడం. కారణం చెప్పని తీర్పుతో అప్పీలు కోర్టుకి అక్కడా ఇదే తిప్పలు.

ఇప్పుడు మీ సంగతి. సమన్స్ మీద గ్రాండ్ జ్యూరీ (కేసు ట్రయల్‌కి పంపాలా వద్దా అని ముందే తేల్చే జ్యూరీ) అని ఉందేమో ముందు చూసుకోండి. అది వేరే వ్యవహారం, రహస్యంగా ఉంచుతానని ప్రమాణం చేయిస్తారు, తర్వాత కూడా నోరెత్తకూడదు. మామూలు జ్యూరీ అయితే ట్రయల్ నడిచినన్ని రోజులూ ఎవరితోనూ మాట వద్దు. ఇంట్లో ఆవిడతో కూడా వద్దు. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో "ఇవాళ సాక్షి భలే దొరికిపోయాడు" అని ఒక్క మెసేజ్ పెట్టారంటే పైన చెప్పిన తలుపు మీరే తెరిచినట్టు. డిశ్చార్జ్ చేసేటప్పుడు, మాట్లాడటం మానడం మీ ఇష్టం అని జడ్జి చెబుతారు. మాట్లాడాలనిపిస్తే మీరేమనుకున్నారో చెప్పండి, పక్కవాడు లోపల ఏమన్నాడో ఎలా ఓటేశాడో చెప్పకండి. అది నేరం కాదు, కానీ ఆయన మిమ్మల్ని నమ్మి చెప్పిన మాట అది. డబ్బు తీసుకోవద్దు. కాలిఫోర్నియాలో అయితే ట్రయల్ అయిన 90 రోజుల దాకా తీసుకోకూడదని చట్టమే ఉంది. మన కౌంటీ కోర్టు ఇచ్చే మొదటి రోజు 20 డాలర్లు, తర్వాత రోజుకి 58, అవి మాత్రం మీవే.

చివరిగా ప్రశ్నావళి. గబగబా టిక్కులు కొట్టొద్దు. "ఫ్యామిలీ" అని అడిగితే అమెరికావాళ్ళ మనసులో ఉండేది భార్యా పిల్లలు, అమ్మానాన్నలు, తోబుట్టువులు. మనకి పెదనాన్నగారి అబ్బాయి అన్నయ్యే, వేలు విడిచిన మేనమామ మేనమామే. కేసు కారు యాక్సిడెంటుదై, మీ చిన్నాన్నగారి అల్లుడు విజయవాడలో లారీ కింద పడుంటే అది రాయాలా వద్దా అని సందేహం వస్తుంది. రాసేయండి, లేకపోతే చెయ్యెత్తి అడగండి. జడ్జి దగ్గరికి పిలిచి విడిగా వింటారు, అక్కడ ఎవరూ నవ్వరు. నేను అవతల టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు అలా చెయ్యెత్తినవాళ్ళని చాలామందిని చూశాను. సగం మందిని ఉంచుకుంటాం కూడా.